పుట్టింటి పురుడు

తెలుగు ఇళ్లలో ఆడపిల్ల తొలి కాన్పు పుట్టింటివారిది. ఐదో నెలలోనో ఏడో నెలలోనో అమ్మానాన్నలు వియ్యాలవారింటికి వెళ్లి, చలిమిడి పెట్టి, చీరా గాజులూ ఇచ్చి అమ్మాయిని వెంట తీసుకొస్తారు. బిడ్డ పుట్టి మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా ఆమె తల్లి దగ్గరే ఉంటుంది. కోస్తాలో పుట్టిల్లు అంటారు, తెలంగాణలో తల్లిగారిల్లు అంటారు. నెలల లెక్క, పెట్టుపోతలు కులాన్ని బట్టి, ఊరిని బట్టి మారతాయి కానీ అసలు ఏర్పాటు మాత్రం అంతటా ఒక్కటే. కన్నడ, తమిళ, మరాఠీ సీమల్లోనూ ఈ పద్ధతి ఉంది కాబట్టి ఇది తెలుగువారికే చెందిన ఆచారం కాదు. ఆడదాని బతుకులో అతి కష్టమైన రోజుల్లో కన్నతల్లి పక్కన ఉండి తీరాలని కుటుంబాలు చాలాకాలంగా ఒప్పుకుని నడుపుకుంటూ వచ్చిన కట్టుబాటు ఇది.

ఈ కట్టుబాటును శాస్త్రగ్రంథాల్లో వెతికితే దొరకదు. తెలుగునాట చాలా వైదిక కుటుంబాలు పాటించే ఆపస్తంబ గృహ్యసూత్రం సీమంతం గురించి చెబుతుంది. తొలిచూలులో, నాలుగో నెలలో జరపమంటుంది. భర్త ఏదుపంది ముల్లుతో, దర్భలతో, లేత మేడికాయల గుత్తితో భార్య పాపిట తీస్తాడు. వీణ వాయించేవారు పాట పాడతారు. బిడ్డ పుట్టాక జాతకర్మ చేసేది తండ్రి. పాపిట తీసినవాడి గురించీ మంత్రం చదివినవాడి గురించీ రాసిన ఆ పుస్తకాల్లో, నొప్పులు పడుతున్న పిల్లను పొదివి పట్టుకున్న తల్లి ఊసు లేదు. వైద్యగ్రంథాలు కొంత నయం. తొమ్మిదో నెల రాకముందే సూతికాగారం సిద్ధం చేయాలని చరక సంహిత శారీరస్థానం చెబుతుంది. ఆ గదిలో ఎలాంటి ఆడవాళ్లు ఉండాలో కూడా చెబుతుంది: పలుసార్లు కన్నవాళ్లు, ప్రేమగలవాళ్లు, శ్రమకు ఓర్చుకునేవాళ్లు. ఆ లక్షణాలన్నీ ఒకే మనిషిలో వెతకాలంటే గర్భిణి తల్లి కంటే దగ్గరివారు ఎవరూ కనబడరు. పుట్టింటి పురుడు ఆచారానికి గ్రంథాల్లో ఆధారం కావాలనుకుంటే, ఈ మాటే అన్నిటికన్నా దగ్గరగా వస్తుంది.

సాతవాహన రాజు హాలుడి పేరుతో ఉన్న ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో గర్భిణి కోరికల మీద ఒక గాథ ఉంది. ఇంట్లో పేదరికం. నీకేం తినాలనిపిస్తోందని అడిగితే, ఆ ఇల్లాలు ఎన్నిసార్లు అడిగినా నీళ్లు చాలంటుంది. మొగుడి చేతిలో ఏమీ లేదని ఆమెకు తెలుసు. వేవిళ్ల కాలంలో పుల్లటిదో కమ్మటిదో తినాలనే కోరికను అత్తింట్లో నోరు విప్పి చెప్పుకోలేని పరిస్థితి ఆ తర్వాతి కాలాల్లోనూ మారలేదు. కొత్త కోడలు అందరికీ వడ్డించాకే తినాలి. అమ్మ దగ్గర ఆ మొహమాటం లేదు. అందుకే పుట్టింటివారు మొదట తెచ్చేది తిండే. నానబెట్టిన బియ్యం దంచి, బెల్లం పాకంలో కలిపి, కొబ్బరి ముక్కలు, గసగసాలు వేసి చేసిన చలిమిడి కడుపు చలవ కోసమని పెడతారు. తెలంగాణలో ఒడిబియ్యం పోసే వేడుకకు ఇదే స్థానం. బియ్యం, పసుపు, కుడుకలు, ఖర్జూరాలు, రవికగుడ్డ ఆడపిల్ల ఒడిలో పోసి పంపడం తల్లిగారింటి హక్కు, బాధ్యత కూడా.

ఇంత గట్టి ఆచారం పుట్టడానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. 1891లో బ్రిటిష్ ప్రభుత్వం భార్యాభర్తల కాపురానికి ఆడపిల్ల కనీస వయసును 10 నుంచి 12 ఏళ్లకు పెంచినప్పుడు దేశమంతటా గొడవ జరిగింది. 1929 నాటి శారదా చట్టం పెళ్లి వయసును ఆడపిల్లకు 14 ఏళ్లుగా నిర్ణయించింది; అది కూడా చాలాచోట్ల కాగితం మీదే మిగిలింది. అంటే కొన్ని తరాల పాటు తొలిచూలు మోసినవాళ్లలో చాలామంది పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు. తమ ఒంట్లో ఏం జరుగుతోందో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. కాపురానికి వెళ్లి ఏడాదో రెండేళ్లో అయిన ఇంట్లో, ఇంకా మొహాలు కూడా అలవాటు కాని మనుషుల మధ్య కనమనడం క్రూరత్వం. ఆ సంగతి సమాజం ఒప్పుకున్న కొద్ది సందర్భాల్లో ఇది ఒకటి. పెళ్లితో పుట్టింటి నుంచి తెంచి పంపిన పిల్లను, ప్రాణం మీదికి వచ్చే వేళకు ఈ ఆచారమే తిరిగి తల్లికి అప్పగించింది.

ప్రాణం మీదికి రావడమన్నది ఊరికే అన్న మాట కాదు. 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ అంచనా ప్రకారం దేశంలో ప్రతి వెయ్యి ప్రసవాలకు దాదాపు 20 మంది తల్లులు చనిపోయేవారు. ఏడాదికి సుమారు రెండు లక్షల మంది. 1937లో బ్రిటిష్ ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 162 మంది ఏడాది నిండకుండానే పోయారు. ఏడెనిమిది కాన్పులు అయిన తల్లికి ఈ లెక్కలు ఎవరూ చెప్పక్కర్లేదు. తన పిల్లల్లో ఒకరిద్దరిని పోగొట్టుకున్న అనుభవంతోనే ఆమె కూతురి పక్కన కూర్చునేది. పెద్ద కుటుంబాల్లో తల్లీ కూతుళ్లు ఒకే ఏడాది నీళ్లోసుకోవడం మామూలే. అప్పుడు అమ్మమ్మ తన చంటిబిడ్డకూ కూతురి బిడ్డకూ కలిపి పాలిచ్చిన ఇళ్లు ఉన్నాయి.

పురిటిగది చాలా ఇళ్లలో వెనకవైపు, వెలుతురు తక్కువ ఉన్న గది. నొప్పులు మొదలవగానే మంత్రసానికి కబురు వెళ్లేది. చాలా ఊళ్లలో ఈ పని మంగలి కులపు స్త్రీలది, మరికొన్నిచోట్ల మాల మాదిగ స్త్రీలది. ఇతర రోజుల్లో ఇంటి గడప దాటనివ్వని మనిషి చేతుల్లోనే ఆ ఇంటి వంశం కళ్లు తెరిచేది. బొడ్డు కోసి, మావి పెరట్లో పాతిపెట్టి, తల్లికీ బిడ్డకూ నీళ్లుపోసి వెళ్తే ఆమెకు కొంత ధాన్యం, పాత చీర దక్కేవి. ప్రాణాలు నిలిపిన ఆ స్త్రీలకు కుటుంబాలు ఎంత కృతజ్ఞత చెప్పుకున్నా, అది కులపు అడ్డుగోడ దాటి వెళ్లలేదు. ఈ ఆచార చరిత్రలో అదొక మచ్చ.

గదిలో ఏం జరిగేదో ఆడవాళ్ల పాటలు చెబుతాయి. తెలుగు బ్రాహ్మణ స్త్రీలు ఇళ్లలో పాడుకున్న రామాయణపు పాటల్లో కౌసల్య వేవిళ్లకూ ప్రసవానికీ పెద్ద చోటు ఉంది. వెల్చేరు నారాయణరావు ఈ పాటల మీద రాసిన వ్యాసం ఆంగ్ల పాఠకలోకం దృష్టిని వీటి వైపు తిప్పింది. వాల్మీకి రాముడి పుట్టుకను దేవతల పనిగా చెబితే, ఈ పాటల్లో కౌసల్యకు వాంతులవుతాయి, నడుం నొప్పి పుడుతుంది. పైనుంచి వేలాడదీసిన తాళ్లు పట్టుకుని నిలబడి కంటుంది, మంత్రసాని బిడ్డను అందుకుంటుంది. తాళ్లు పట్టుకుని కనడం పాట కోసం కల్పించింది కాదు, నిజమైన పురిటిగదుల పద్ధతి. రాసేవాళ్లు దాదాపుగా మగవాళ్లే అయిన కాలంలో, పురుడు పోసిన ఆడవాళ్ల చేతిపని కాగితం ఎక్కకపోయినా పాటలో నిలిచింది.

కాన్పు అయ్యాక తల్లి పని అసలు మొదలవుతుంది. పది రోజులు పురిటి మైల. ఆ రోజుల్లో బాలింతను ఇంట్లో మిగతావారెవరూ తాకరు. తాకి, ఎత్తి, కడిగి, ఉతికి చూసుకునేది తల్లీ, మంత్రసానీ, చాకలీ. రోజూ నువ్వుల నూనెతోనో ఆముదంతోనో ఒళ్లంతా మర్దన చేసి, కాగే నీళ్లు నడుం మీద దబదబా గుమ్మరించి, తల తుడిచి సాంబ్రాణి పొగ వేసి, నడుముకు బిగువుగా గుడ్డ కట్టి పడుకోబెడతారు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద కుంపటి. తిండి పథ్యం ప్రకారం సాగుతుంది: పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, ధనియాల పొడి, కాచిన నెయ్యి. పాలు పడటానికి తెలగపిండి, అంటే గానుగలో నూనె తీయగా మిగిలిన నువ్వుల పిండి, మునగాకుతో కలిపి వండుతారు. సముద్రతీరపు ఊళ్లలో సొరచేప పుట్టు ఇదే పనికి పెడతారు.

వీటన్నిటిలో తల్లి చేతి గుర్తు కాయం. కాన్పుకు నెల ముందే దీని పని మొదలవుతుంది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము విడివిడిగా దోరగా వేయించి, రోట్లో దంచి, పల్చటి గుడ్డలో జల్లించి, పాత బెల్లం పాకంలో పోసి, నెయ్యి వేస్తూ ముద్ద కట్టేదాకా కలుపుతారు. దంచేటప్పుడు ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారతాయి, తుమ్ములు ఆగవు. జాడీకి ఎత్తిపెట్టిన ఆ ముద్ద నుంచి రోజూ పొద్దున్నే పరగడుపున ఉసిరికాయంత తీసి పెడతారు. ఇంటింటికీ పాళ్లు వేరు. ఆ పాళ్లు తల్లి తన తల్లి దగ్గర చూసి నేర్చుకున్నవి, కూతురు తాను తింటూనే నేర్చుకునేవి. చంటిబిడ్డ స్నానమూ అంతే: నేల మీద కాళ్లు చాపి కూర్చుని, కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుని, ఒక చేయి గడ్డం కింద ఉంచి వీపు మీద నీళ్లు పోసే ఒడుపు పుస్తకంలో చదివితే పట్టుబడదు. మూడు నెలలు పక్కన కూర్చుని చూస్తే వస్తుంది.

ఈ పద్ధతులన్నీ మేలు చేశాయనడం నిజం కాదు. బాలింతకు దాహమేసినా మంచినీళ్లు చాలీచాలకుండా ఇవ్వడం, గాలి రాకుండా గది మూసి కుంపటి పొగ పెట్టడం, తొలిరోజుల ముర్రుపాలు పిండి పారబోసి బిడ్డకు ఆముదమో పంచదార నీళ్లో పట్టడం, కడగని కొడవలితో బొడ్డు కోయడం ఎంతోమందిని బలి తీసుకున్నాయి. ప్రేమతోనే చేసినవి, అనుభవమనే నమ్మకంతో చేసినవి. తెలియనితనం తల్లిది మాత్రమే కాదు, కాలానిది. అయినా పనిలేని మూడు నెలలు, మంచి తిండి, నిద్ర, ఎదురు చెప్పగల మనుషుల మధ్య ఉండటం, ఇవి ఆ కాలంలో కోడలికి వేరే ఏ దారిలోనూ దొరకనివి. ఆచారాన్ని తూచేటప్పుడు ఈ వైపు బరువును తగ్గించకూడదు.

పదకొండో రోజు పురుడు. ఇల్లు కడిగి, అందరూ స్నానాలు చేసి మైల విడుస్తారు. 21వ రోజున బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెడతారు. కోస్తాలో బారసాల అంటారు, తెలంగాణలో తొట్టెల వేయడం అంటారు. బాలింత చేత బావి దగ్గర పూజ చేయించి చేద వేయించడం కూడా చాలా ఇళ్లలో ఉంది. దాంతో ఆమె మళ్లీ ఇంటిపనిలోకి అడుగుపెట్టినట్టు లెక్క. ఆ తర్వాత బిడ్డతో అత్తింటికి వెళ్లేటప్పుడు సారె. ఉయ్యాల, వెండి ఉగ్గుగిన్నె, బిడ్డకు మొలతాడు, కాళ్ల కడియాలు, కూతురికి చీర, పసుపు కుంకుమలు, బిందెల నిండా చలిమిడి, సున్నుండలు, లడ్డూలు. మిఠాయిని అత్తవారి ఊళ్లో వీధి వీధికీ పంచుతారు. ఆ పంపకంతో అమ్మ చేసిన పురుడు ఊరందరికీ తెలుస్తుంది.

సారె బరువు మోయలేని ఇళ్లే ఎక్కువ. తొలి కాన్పు కోసం అప్పు చేసిన తండ్రులూ, చెవిదుద్దులు తాకట్టు పెట్టిన తల్లులూ ఊరూరా ఉన్నారు. కూలినాలి చేసుకునే కుటుంబాల్లో మూడు నెలల విశ్రాంతి అన్న మాటే లేదు. నొప్పులు వచ్చేదాకా నాట్లలో, కోతల్లో ఉన్న పిల్ల ఇరవై రోజులకే మళ్లీ పనికి వెళ్లేది. కానీ ఆ ఇరవై రోజులూ తల్లి తన కూలి పోగొట్టుకుని గుడిసెలో కూతురి దగ్గర కూర్చుంది. లెక్కకు చూస్తే ఆమె ఇచ్చిందే పెద్ద సారె. తల్లి లేని పిల్లకు పిన్నో, వదినో, అక్కో ఆ పని మీద వేసుకునేవారు. ఎవరూ లేకపోతే అత్తే చేసేది. అలా చేసిన అత్తను కోడలు అమ్మా అనే పిలిచిన ఇళ్లు ఉన్నాయి.

తల్లికి కూతురు చెప్పుకునే కృతజ్ఞతకు ప్రత్యేకంగా ఒక రోజూ, తంతూ ఈ ఆచారంలో ఏర్పడలేదు. తల్లి ఋణం తీరేది కాదన్న భావన బలంగా ఉండటం దీనికి ఒక కారణం. తిరిగి ఇచ్చేయడం అంటే లెక్క సరిచేసుకున్నట్టు అవుతుంది. ఆ కృతజ్ఞత వేరే రూపాల్లో బయటపడింది. ఆడపిల్ల పుడితే అమ్మమ్మ పేరు కలిపి పెట్టుకోవడం, జోలపాటల్లో అమ్మమ్మనూ మేనమామనూ తలుచుకోవడం, బతుకమ్మ పాటల్లో తల్లిగారింటికి తీసుకెళ్లడానికి వచ్చే అన్న కోసం ఎదురుచూడటం అందులోవే. అన్నిటికంటే ఎక్కువగా, తాను పొందినదాన్ని తన కూతురికి చేయడం. తన పురుడు పోసిన తల్లికి తిరిగి పురుడు పోసే వీలు ఎవరికీ ఉండదు కాబట్టి బాకీ కింది తరానికి చెల్లుతూ వచ్చింది. పదహారేళ్లప్పుడు భయంతో అమ్మ చేయి పట్టుకున్న పిల్ల, నలభై ఏళ్లు రాకుండానే తన కూతురికి ఆ చేయి ఇచ్చేది.

ఆసుపత్రుల రాక ఈ చిత్రాన్ని నెమ్మదిగా మార్చింది. మద్రాసులో 1844లో మొదలైన ప్రసూతి ఆసుపత్రి తర్వాత ఎగ్మూరు ఆసుపత్రిగా దక్షిణాదికంతటికీ పేరు పొందింది. గోషా స్త్రీలు మగ వైద్యుల దగ్గరికి రారన్న కారణంతో 1885లో డఫ్రిన్ నిధి ఏర్పడి స్త్రీ వైద్యులకూ జనానా ఆసుపత్రులకూ డబ్బు సమకూర్చింది. అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ ముందు చిన్న మందులశాల నడిపి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. లేడీ కర్జన్ చొరవతో 1903లో ఏర్పడిన విక్టోరియా స్మారక నిధి మంత్రసానులకు శిక్షణ మొదలుపెట్టింది. హైదరాబాదులో 20వ శతాబ్ది తొలి ఏళ్లలో వచ్చిన విక్టోరియా జనానా ఆసుపత్రిని జనం జజ్గీఖానా అన్నారు. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి తెచ్చిన గృహలక్ష్మి మాసపత్రిక స్త్రీల ఆరోగ్యం గురించి చదువుకున్న తెలుగు ఇళ్లకు చెప్పింది. అయినా పల్లెల్లో మంత్రసాని కాలం చాలా ఏళ్లు సాగింది. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు సుమారు మూడో వంతే. 2019-21 సర్వే వచ్చేసరికి అవి తెలంగాణలో 97 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతానికి చేరాయి. 2018-20 లెక్కల్లో లక్ష ప్రసవాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. భోర్ కమిటీ చెప్పిన నిష్పత్తిని లక్షకు మారిస్తే 2000 అవుతుంది. ఈ తేడా వైద్యానిది, రక్తనిధులది, రోడ్లది, ఆశా కార్యకర్తలది.

కాన్పు ఆసుపత్రికి మారినా కూతురిని పుట్టింటికి తీసుకురావడం ఆగలేదు. అమ్మాయి పేరు పుట్టింటి ఊరి ఆరోగ్య కేంద్రంలోనూ రాయించుకోవడం నర్సులకు నిత్యం ఎదురయ్యే సంగతి. ప్రసూతి వార్డు మంచం పక్కన నేల మీద చాప పరుచుకుని పడుకునేది అమ్మే. ఫ్లాస్కులో వేడినీళ్లు, క్యారియర్‌లో పథ్యం కూర, బిడ్డ కోసం పాత నూలు చీర చింపి ఉతికి మడిచిన గుడ్డలు ఆమె సంచీలో ఉంటాయి. సిజేరియన్లు పెరిగాక ఆమె పని మరో రకంగా బరువెక్కింది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. కుట్లు ఉన్న ఒంటికి పాత పద్ధతిలో నీళ్లు గుమ్మరించడం కుదరదు. లేవడానికి, కూర్చోవడానికి, బిడ్డను రొమ్ముకు అందించడానికి కూడా మనిషి సాయం కావాలి.

ప్రభుత్వాలు ఈ బాధ్యతలో కొంత పంచుకున్నాయి. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం ఉద్యోగినులకు 12 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 2017 సవరణ దాన్ని మొదటి రెండు కాన్పులకు 26 వారాలు చేసింది. ఆరు నెలలంటే దాదాపుగా పాత పుట్టింటి కాలమే. 2017లో తెలంగాణ మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో బిడ్డకు సబ్బు, నూనె, దోమతెర, బట్టలతో పాటు తల్లికి చీరలు ఉండేవి. సర్కారు ఆసుపత్రిలో కంటే మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేల రూపాయలు విడతలుగా ఇచ్చారు. చీర, బిడ్డ సామాను, చేతిలో కొంత డబ్బు: ఆ పెట్టెను సర్దినవాళ్లు సారెను చూసి ఉండాలి.

విదేశాలకు వెళ్లిన తెలుగువారిలో ప్రయాణం దిక్కు మారింది. కూతురు పుట్టింటికి రావడానికి బదులు తల్లే కూతురి దగ్గరికి వెళ్తోంది. అమెరికాలో 1993 నాటి కుటుంబ వైద్య సెలవు చట్టం అర్హులకు 12 వారాలు ఇస్తుంది కానీ జీతం ఇవ్వదు. అందుకే తెలుగు ఇళ్లలో సందర్శక వీసా మీద మామూలుగా దొరికే ఆరు నెలల చొప్పున ముందు అమ్మ, ఆ తర్వాత అత్తగారు వంతులేసుకుంటారు. ఇంగ్లిష్ రాని, ఎప్పుడూ ఒంటరిగా రైలైనా ఎక్కని తల్లులు రెండు విమానాలు మారి వెళ్తారు. పెట్టెలో వాము, శొంఠి పొడి, కాయం, తెలగపిండి ఉంటాయి. మంచు కురిసే ఊళ్లో అపార్ట్‌మెంట్ స్నానాలగదిలో, బల్ల లేకపోతే తిరగేసిన బకెట్టు మీద కూర్చుని, కాళ్ల మీద మనవరాలిని వేసుకుని నీళ్లు పోస్తారు.

హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో బాలింత స్నానానికీ బిడ్డ మర్దనకూ జీతానికి ఆయాలు దొరుకుతున్నారు. ఉద్యోగాలు చేసే తల్లులు పెరగడం దీనికి ఒక కారణం. కూతురి పురుడు కోసం తల్లికి ప్రత్యేకంగా సెలవు ఇచ్చే చట్టం దేశంలో లేదు; ప్రసూతి సెలవు బిడ్డ తల్లికే. బడిలో పాఠాలు చెప్పే తల్లి, బ్యాంకులో పనిచేసే తల్లి ఏళ్ల తరబడి మిగుల్చుకున్న సెలవులను ఈ పనికి దాచుకుంటున్నారు, డాక్టరు చెప్పిన తేదీ చూసుకుని ముందుగానే అర్జీ పెట్టుకుంటున్నారు.